మూడుసార్లు బెణికిన ఎడమ చీలమండ: ఒక స్కేట్‌బోర్డర్ కేసు

పేషెంట్ అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. వయసు, ఉద్యోగం, సొంతూరు, ఉండే ఏరియా కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. కొలతలు, గాయాల మధ్య ఎడం, నేను చేసిన పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. బెంగళూరు తూర్పు వైపు చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతాను. వచ్చేవాళ్లలో సగానికి సగం తెలుగువాళ్లే. మెడ నొప్పి, నడుం నొప్పి, మోకాళ్లు, ఇవే ఎక్కువ. స్కేట్‌బోర్డు మీద దెబ్బలు తగిలించుకుని వచ్చినవాడు నాకు ఇతనే మొదలు.

నేపథ్యం

వయసు 32, బరువు 84 కిలోలు. రాయలసీమ నుంచి వచ్చి పదేళ్లుగా ఇక్కడే కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. రోజుకు పది గంటలు కుర్చీలోనే, రాత్రి పదకొండు దాకా కాల్స్, నిద్ర ఐదు, ఐదున్నర గంటలు. స్కూల్లో కబడ్డీ ఆడేవాడు. ఆ తర్వాత ఆట అంటే టీవీలో చూడటమే.

మేనల్లుడి పుట్టినరోజుకి కొన్న బోర్డు అది. వాడు రెండు రోజులు ఆడి మూల పడేస్తే ఇతను ఎక్కాడు. అది బొమ్మల షాపు బోర్డని త్వరలోనే తెలిసి మంచిది కొనుక్కున్నాడు: ఎనిమిదింపావు అంగుళాల వెడల్పు డెక్ (నిలబడే చెక్క), 52 మిల్లీమీటర్ల గట్టి చక్రాలు (గట్టిదనం 99ఏ). ఎడమ కాలు ముందు పెట్టి నిలబడతాడు, అంటే రెగ్యులర్. నాలుగు నెలల్లో తొయ్యడం, మలుపులు, ఆగడం బాగానే వచ్చేశాయి. ఇక ఒల్లీ అనే ట్రిక్కు మీద పడ్డాడు. 2021లో టోక్యోలో స్కేట్‌బోర్డింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు జపాన్ అమ్మాయి మోమిజీ నిషియా 13 ఏళ్లకే స్ట్రీట్ విభాగంలో గోల్డ్ కొట్టింది. “అంత చిన్నపిల్ల అన్ని చేస్తుంటే నేను ఒక్క ఒల్లీ కొట్టలేనా మేడమ్” అన్నాడు. ఆ పిల్ల బరువెంత, మీ బరువెంత అని అడగాలనిపించింది, అడగలేదు.

ఒల్లీ అంటే చేతులతో పట్టుకోకుండా బోర్డుతో సహా గాల్లోకి లేవడం. అమెరికాలో ఫ్లోరిడాకు చెందిన అలన్ గెల్ఫాండ్ 1970ల చివర్లో వంపు గోడల మీద దీన్ని మొదలుపెట్టాడు, అతని ముద్దుపేరే దీనికి పేరైంది. తర్వాత రాడ్నీ మల్లెన్ 1980ల మొదట్లో చదును నేల మీదికి తెచ్చాడు. వంపు గోడ అయితే కొంత ఊపు అదే ఇస్తుంది. చదును నేల మీద మొత్తం కాళ్లే చేసుకోవాలి.

నా దగ్గరికి వచ్చిన సమస్య

మొదటి బెణుకు నేను చూడలేదు. అప్పుడు వాళ్లమ్మగారు ఉప్పు కాపడం పెట్టి, నూనె రాసి గట్టిగా మర్దన చేశారట. తాజా బెణుక్కి మొదటి రెండు మూడు రోజులు వేడి, మర్దన వద్దంటాం, వాపు పెరుగుతుంది కాబట్టి. అలాగే పెరిగింది. పదిరోజులు కుంటి, నొప్పి తగ్గగానే మళ్లీ బోర్డెక్కాడు. నాలుగు నెలలకు అదే కాలు, అదే చోట బెణికింది. రెండో రోజు అమ్మగారిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

ముందు తేల్చాల్సింది ఎముక విరిగిందా లేదా అని. దానికి ఒట్టావా నియమాలు వాడతాను. చీలమండకు రెండు పక్కలా ఉబ్బుగా ఉండే ఎముకల వెనక అంచుల మీద, కింద నుంచి 6 సెంటీమీటర్ల మేర నొక్కి చూడాలి. పాదం బయటి అంచున చిటికెన వేలి ఎముక మొదలు, లోపలి వైపు నావిక్యులర్ ఎముక కూడా నొక్కి చూడాలి. దెబ్బ తగిలిన వెంటనే, ఇప్పుడు నా ముందు, నాలుగడుగులు వేయగలుగుతున్నాడా చూడాలి. ఎముకల మీద ఎక్కడా నొప్పి లేదు. కుంటుతూనైనా నాలుగడుగులు వేశాడు. నొప్పంతా బయటి ఎముక ముందు పల్లంలో, ఎముకల్ని కలిపి పట్టే ముందు వైపు లిగమెంటు ఉండే చోట. ఎక్స్‌రే అక్కర్లేదన్నాను. “ఎక్స్‌రే తియ్యకుండా ఎట్లా చెప్తారమ్మా” అని అమ్మగారు నా చేతుల వంక అనుమానంగా చూశారు. ఎమ్మారై తీయిద్దామా అన్నాడు కొడుకు. అందులో లిగమెంటు తెగినట్టు కనపడినా మొదటి ఆరేడు వారాలు చేసే వైద్యం ఇదే. కీలు లోపల పట్టేసినట్టుండి, లోతుగా నొప్పి వారాల తరబడి పోకపోతే అప్పుడు తీయిద్దామని చెప్పాను, మృదులాస్థి దెబ్బతిందేమో చూడ్డానికి. ఆ అవసరం రాలేదు.

వాపున్నప్పుడు కాలు బిగబట్టుకుంటారు, లిగమెంటు సాగిందో లేదో తెలియదు. అందుకే పాదాన్ని ముందుకు లాగి చూసే పరీక్ష ఐదో రోజుకి వాయిదా వేశాను. చూస్తే కుడి కాలి కన్నా ఎడమది కాస్త వదులుగా జారింది. గోడకు మోకాలు ఆనించే పరీక్షలో, మడమ లేవకుండా కాలి బొటనవేలు గోడకు ఎంత దూరం జరపగలడో చూస్తే కుడివైపు 11 సెంటీమీటర్లు, ఎడమవైపు ఆరున్నర. ఒంటికాలి మీద మునివేళ్లపై లేవడం కుడి 24 సార్లు, ఎడమ 11. కళ్లు మూసుకుని ఎడమ కాలి మీద ఆరు సెకన్లు నిలబడ్డాడు.

ఆ కొలతలు చూశాక నాకు దారి స్పష్టంగా కనిపించింది. అంత స్పష్టంగా కనిపించడమే ఇబ్బందైంది.

మొదట చేసినవి

మొదటి వారం కట్టు, కాలు ఎత్తి పెట్టుకోవడం, నొప్పి భరించగలిగినంత నడక. తర్వాత గోడకు మోకాలు వంచడం, రబ్బరు బ్యాండుతో పాదాన్ని బయటికి తిప్పడం, మెట్టు అంచున మడమలు దించి లేపడం, పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం, అదే దిండు మీద నిలబడటం. ఆరో వారం నుంచి గెంతులు. ఆ ఆరు వారాలూ బోర్డు ముట్టుకోవద్దన్నాను. ఇప్పుడైతే అలా అనను. నొప్పి లేకుండా నడిచే నాటి నుంచే మెల్లగా తొక్కుకుంటూ వెళ్లనిచ్చేదాన్ని. బోర్డు మీద తూకం దిండు మీద రాదు.

చీలమండని పట్టి ఉంచే లేసుల బ్రేస్ వేసుకోమన్నాను. వేసుకుంటే షూ పట్టట్లేదు, బోర్డు కాలికి తెలియట్లేదన్నాడు. నేనూ పట్టుబట్టలేదు. ఒకసారి బెణికినవాళ్లకు మళ్లీ బెణకకుండా బ్రేస్ పనిచేస్తుందని తెలిసి కూడా వదిలేశాను. పేషెంటు మొహమాటపెడితే ఒప్పుకునే జబ్బు నాకుంది.

పదో వారానికి గోడ పరీక్ష 10, మడమలు లేపడం 22, ఒంటికాలి గెంతులో రెండు కాళ్లకూ పెద్ద తేడా లేదు. కాగితం మీద పాసయ్యాడు. వెళ్లి ఆడుకోండి అన్నాను.

తొమ్మిదో రోజు సాయంత్రం 7:40కి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది, కింద ఒక్కటే మాట: “మళ్లీ”.

ఆ ఫొటోలో చూడనిది

చీలమండ పక్కన నిమ్మకాయంత వాపు. ఆ కాలి పక్కన నేల మీద విప్పిన షూ. ఆ రాత్రి నేను వాపునే చూశాను, షూని చూడలేదు. మర్నాడు క్లినిక్‌కి అదే షూతో వచ్చాడు. ఎడమ షూ బయటి అంచున, చిటికెన వేలి దగ్గర, రూపాయి బిళ్లంత చిల్లు. లోపలి సాక్సు కనిపిస్తోంది.

“ఇదెట్లా అయింది?”

“ఒల్లీ కొడితే అందరికీ అక్కడే చిరుగుతుంది మేడమ్. బోర్డు పైన అంటించే గ్రిప్ టేప్ గరుకు కదా, కాలు దాని మీద ఈడ్చాలి.”

కుర్చీలో కూర్చునే ఈడ్చి చూపించాడు. వెనక కాలు బోర్డు వెనక కొసైన టెయిల్‌ని నేలకేసి కొడుతుంది, బోర్డు ముందు భాగం లేస్తుంది, ముందు కాలు బయటి అంచుతో డెక్ మీద పైకి జారుతూ బోర్డుని లాక్కెళ్తుంది. ఆ క్షణంలో పాదం కిందికి వాలి, లోపలికి తిరిగి ఉంటుంది. బయటి లిగమెంటు ఎక్కువగా సాగేది సరిగ్గా ఆ భంగిమలోనే. గాల్లో ఉన్నంతసేపు బరువు లేదు కాబట్టి ఏమీ కాదు. పాదం మళ్లీ చదునవకముందే నేల తగిలితే 84 కిలోలూ దాని మీదే పడతాయి. రెండున్నర నెలలు వైద్యం చేశాను, ఒక్కసారి కూడా ఆ ట్రిక్కు చేసి చూపించమని అడగలేదు.

ఈసారి పడ్డప్పుడు అరచెయ్యి కూడా ఆనించాడు. బొటనవేలు చాపితే దాని మొదట్లో ఒక గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉంది. ఎక్స్‌రే బాగానే ఉంది, కానీ మణికట్టులోని స్కాఫాయిడ్ ఎముక చిట్లితే మొదటి ఎక్స్‌రేలో ఒక్కోసారి కనపడదు. దానికి రక్తప్రసారం తక్కువ, పట్టించుకోకపోతే అతుక్కోకపోవచ్చు. ఆర్థోపెడిక్ దగ్గరికి పంపితే స్ప్లింట్ వేసి 12 రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీశారు. ఏమీ లేదు. చీలమండ ధ్యాసలో ఉండి ఇది వదిలేసేదాన్నే, అమ్మగారు “చెయ్యి కూడా చూడండమ్మా, గ్లాసు ఎత్తలేకుండా ఉన్నాడు” అన్నారు.

మళ్లీ తప్పిన ఊహ

షూ చూశాక కారణం దొరికిపోయిందనుకున్నాను: పాదం ఆలస్యంగా చదునవుతోంది. దానికి తగ్గట్టు కొత్త వ్యాయామాలు రాశాను, ఒల్లీ వీడియోలు పంపమన్నాను. ఆరు పంపాడు. అన్నింట్లోనూ పాదం వేళకే చదునవుతోంది. శుభ్రంగా దిగుతున్నాడు.

అప్పుడు తట్టింది, అవన్నీ పడకుండా దిగినవే. పడ్డవి పంపండి అంటే “డిలీట్ చేసేశా మేడమ్, అవెందుకు” అన్నాడు.

కాలు నిమ్మళించి మెల్లగా మొదలుపెట్టమన్నాక, ఒకరోజు సాయంత్రం వాళ్ల అపార్ట్‌మెంటుకి నేనే వెళ్లాను, అతను మామూలుగా ఆడే వేళకే. బేస్‌మెంట్ పార్కింగులో ఆడతాడు. రంగు వేసిన నున్నటి నేల, దాని మీద టైర్ల దుమ్ము. గట్టి చక్రాలు పక్కకి సబ్బు మీద జారినట్టు జారుతున్నాయి. బ్రేస్ వేయించి, బోర్డుని అరచేతి ఎత్తు కన్నా పైకి లేపొద్దని చెప్పి, స్తంభం పక్కన కుర్చీ వేసుకుని కాగితం మీద గీతలు గీశాను. 40 నిమిషాల్లో 86 ప్రయత్నాలు. దిగినవి 9. మిగతా 77 సార్లూ మధ్యలోనే వదిలేశాడు. స్కేటర్లు దీన్ని బెయిల్ అంటారు. (ఇంట్లో ఫోన్లో ఆ మాట విని అమ్మగారు “కేసేమైనా పెట్టారేంట్రా” అని కంగారుపడ్డారట.)

ఆ 77లో 31 సార్లు వెనక కాలు ఒక్కటే నేల మీదికి వచ్చింది, ముందు కాలు బోర్డు మీదే ఉండిపోయింది. బరువు లేని వైపు బోర్డు లేస్తుంది, పక్కకి తిరుగుతుంది, దాని అంచు మీద ఎడమ పాదం ఒరుగుతుంది. మొదటి 20 నిమిషాల్లో ఇలా 8 సార్లు, తర్వాతి 20లో 23 సార్లు. 24వ గీత తర్వాత నాకే కాళ్లు వణికి ఇక చాలన్నాను గానీ అతను వినలేదు.

దిగిన ఒల్లీల కన్నా మూడు రెట్లకు పైగా అతను సాధన చేస్తున్నది ఇదే. భయమేసినప్పుడు ఒక్క కాలు తీసెయ్యడం. అలసిపోయే కొద్దీ అదే అలవాటుగా వస్తోంది. నా పరీక్షల్లో ఎందుకు పాసయ్యాడో కూడా అప్పుడే అర్థమైంది. క్లినిక్‌లో ఎప్పుడు గెంతాలో, ఎక్కడ దిగాలో అతనికి ముందే తెలుసు. పొద్దున పదింటికి, కాఫీ తాగి, మెత్తటి మ్యాట్ మీద.

ఆ సాయంత్రం తీసిన వీడియో అమ్మగారికి చూపించాను. “ఒక కాలు పడవలో, ఒక కాలు గట్టున పెడితే ఇంకేమవుతుంది” అన్నారు. కేస్ షీట్‌లో ఆ రోజు నోట్‌గా అదే రాసుకున్నాను.

పనిచేసినవి

అన్నిటికన్నా ముందు దిగిపోవడం నేర్పాం. ప్రతి సెషన్ మొదట్లో కావాలనే పది బెయిల్స్. టెయిల్ కొట్టి, రెండు కాళ్లూ ఒక్కసారే బోర్డు దాటించి, మోకాళ్లు వంచి నేల మీద దిగి, ఒకటి రెండడుగులు పరిగెత్తాలి. నియమం ఒక్కటే: రెండూ బోర్డు మీద, లేదంటే రెండూ నేల మీద. మొదటి రోజు పదిలో నాలుగు కుదిరాయి, మూడో వారానికి పదికి పది.

పడటం కూడా. అరచెయ్యి చాపి పడొద్దని ఎంత చెప్పినా చెయ్యి ముందుకే వెళ్లేది. చివరికి అడిగాను, “కబడ్డీలో లైను అందుకోవడానికి పడేటప్పుడు చెయ్యి ఇలా కర్రలా పెడతారా?” ఒక్క క్షణం ఆలోచించి, గడ్డి మీద పక్కకి ఒరిగి, మోచెయ్యి ముడుచుకుని, భుజం మీదుగా దొర్లి లేచాడు. పదిహేనేళ్ల కింద నేర్చుకున్నది ఒంట్లో ఎక్కడో ఉంది. రిస్ట్ గార్డులు కూడా వేయించాను, ఒంట్లో ఉన్నది ప్రతిసారీ వేళకి రాదు కనక.

రెండోది లెక్క. సెషన్‌కి 40 ప్రయత్నాలే, వారానికి మూడు రోజులే, మధ్యలో కనీసం ఒక రోజు ఎడం. వరసగా రెండుసార్లు ఒంటికాలి బెయిల్ పడితే నలభై అవకపోయినా ఆ రోజుకి ఇంటికే. లెక్క మర్చిపోతున్నానంటే అమ్మగారు నలభై చింతపిక్కలు ఇచ్చారు. ఒక్కో ప్రయత్నానికి ఒకటి కుడి జేబులోంచి ఎడమ జేబులోకి. ఫోన్లో యాప్ ఉంది కదా అన్నాడు. యాప్ చూస్తే నోటిఫికేషన్లు చూస్తాడు, అందుకే పిక్కలే ఉంచాను.

చోటు, వేళ మార్చాం. రాత్రి కాల్స్‌కి ముందు కుర్చీలోంచి లేచి నేరుగా బోర్డెక్కడం మానేశాడు. మంగళ, గురు వారాలు పొద్దున ఆరున్నరకి, కాస్త గరుకైన కాంక్రీటు మీద. ఆదివారం కబ్బన్ పార్కులో, ఆ రోజు లోపలి రోడ్ల మీద బండ్లు ఉండవు. సాయంత్రం వానలకు నేల తడిస్తే ఆ పూట సెలవు, తడికి బేరింగులూ పాడవుతాయి.

వ్యాయామాలు తగ్గించి పదును పెట్టాను. దిండు తీసేశాను. మెట్టు మీద నుంచి దూకుతూ గాల్లో ఉండగా నేను కుడి అంటే కుడి కాలి మీద, ఎడమ అంటే ఎడమ కాలి మీద దిగాలి. కొన్నాళ్లకు దానికి తోడు కూడికలు అడిగేదాన్ని, 17కి 26 కలిపితే ఎంతని, ధ్యాస వేరేచోట ఉన్నప్పుడు కాలు ఏం చేస్తుందో చూడ్డానికి. కాలి పిక్కల బలానికి బ్యాక్‌ప్యాక్‌లో పది కిలోల సోనామసూరి సంచి పెట్టుకుని ఒంటికాలి మీద మునివేళ్లపై లేవడం. ఈసారి బ్రేస్ విషయంలో మొహమాటపడలేదు. అర సైజు పెద్ద షూ కొనిపించి ఆరు నెలలు వేయించాను. బ్రేస్ వేస్తే కాలు బలహీనపడుతుందని అతని భయం. వ్యాయామాలు మానకపోతే అలా కాదని చెప్పి, ప్రతి నెలా మడమలు లేపే లెక్క చూపిస్తూ వచ్చాను.

పనిచేయనిది కూడా రాయాలి. స్లో మోషన్ వీడియోలు చూసి ఒల్లీ ఎలా కొట్టాలో నేను సలహాలిచ్చాను. మూడు వారాల్లో అతని ఒల్లీ ఇంకా పాడైంది. నేను జన్మలో బోర్డెక్కలేదు, నాకెందుకు ఆ పెద్దరికం. పార్కులో ఒక పదిహేడేళ్ల కుర్రాడు పది నిమిషాలు చూసి “భుజాలు తిప్పేస్తున్నారు అంకుల్, అందుకే బోర్డు తిరుగుతోంది” అని సరిచేశాడు. యాంకిల్ నొప్పి కన్నా ఆ అంకుల్ ఎక్కువ నొప్పెట్టిందన్నాడు మనవాడు.

ఇప్పటికి

కొత్త పద్ధతి మొదలై 11 నెలలైంది. చీలమండ మళ్లీ బెణకలేదు. ఒక మోచెయ్యి గీసుకుంది, పిర్ర మీద ఒక నల్లమచ్చ. కదులుతున్న బోర్డు మీద రెండు ఇటుకల ఎత్తు దాటుతున్నాడు. ఎనిమిదో నెలలో మళ్లీ వెళ్లి గీతలు గీశాను: 40లో 22 దిగాడు, 18 బెయిల్స్, ఒంటికాలివి 2. లిగమెంటు వదులు మాత్రం అలాగే ఉంది, పొద్దున లేవగానే కాస్త బిగుసుకుంటుంది కూడా. ఐదారు మార్పులు ఒకేసారి చేశాను కాబట్టి ఏది ఎంత పనిచేసిందో ఈ ఒక్క కేసు పట్టుకుని విడదీయలేను. బెయిల్ నేర్పడం, లెక్క, ఈ రెండింటి మీదే నా పందెం. వ్యాయామాలైతే అంతకుముందు కూడా ఏదో రూపంలో చేస్తూనే ఉన్నాం.

ఇప్పుడు కిక్‌ఫ్లిప్ కావాలంటున్నాడు. బోర్డు గాల్లో ఒక చుట్టు తిరగాలి, కాళ్లు దాన్ని పట్టుకోవాలి. చిక్కెక్కడంటే, దాన్ని నేర్చుకునేవాళ్లు చాలామంది మొదట్లో ఒక్క కాలే బోర్డు మీద దించుతూ సాధన చేస్తారు. రెండూ బోర్డు మీద, లేదంటే రెండూ నేల మీద అని నేను 11 నెలలు నూరిపోసిన నియమానికి అది పూర్తిగా ఎదురు. వద్దంటే మానడు. ప్రస్తుతానికి నా ఆలోచన: ఒక్క కాలు దించాల్సివస్తే అది వెనకది, కుడికాలు మాత్రమే, చక్రాల ఇరుసుల్ని డెక్‌కి బిగించే బోల్టుల మీద. ఎడమది నేల మీదికే రావాలి. ఇది మొదట గడ్డి మీద, చక్రాలు దొర్లని చోట. బ్రేస్ మళ్లీ వెయ్యాలి. ఆదివారం కబ్బన్ పార్కుకి కాగితం, పెన్సిలు పట్టుకుని వెళ్తున్నాను. చింతపిక్కలు ఇరవై చాలని అమ్మగారికి చెప్పాను.